మా ఇంటి తేదీలకు మూడో వరుస

సొంత ఇంట్లోకి మారింది 1986లో అని అమ్మ, కాదు 1988లో అని మామయ్య. ఇద్దరూ పట్టు వదల్లేదు. నాన్న 2013లో పోయారు కాబట్టి తీర్పు చెప్పేవాళ్ళు లేరు. నేను మామయ్యను ఒక్కటే అడిగాను: "ఆ ఇంట్లో నీకు బాగా గుర్తున్నదేంటి?"

"మరడోనా చెయ్యి," అన్నాడు వెంటనే. ఫుట్‌బాల్ ఆటగాడు మరడోనా చేత్తో గోల్ కొట్టిన మ్యాచ్‌ని మా హాల్లో, ఇంకా విప్పని అట్టపెట్టెల మధ్య కూర్చుని చూశాడట. ఆ మ్యాచ్ మెక్సికో సిటీలో 1986 జూన్ 22న జరిగింది. అమ్మ మాటే నిజం.

నా పని అక్కడ మొదలైంది. మా ఇంట్లో చదువులు, ఉద్యోగాలు, పెళ్ళిళ్ళు, కాన్పులు, ఇళ్ళు మారడాలు అన్నీ ఒక కాగితం మీద పెట్టి, వాటి పైన ఆయా ఏళ్ళలో బయటి ప్రపంచంలో జరిగినవి రాయాలనుకున్నాను. ఇలాంటి పట్టిక కొత్తదేమీ కాదు. సామాజిక పరిశోధకులు 1980ల నుంచీ లైఫ్ హిస్టరీ క్యాలెండర్ అని వాడుతున్నారు. అడ్డంగా ఏళ్ళు ఉంటాయి, నిలువుగా చదువు, పని, కాపురం, పిల్లలు, ఇల్లు అని వరుసలు ఉంటాయి. మామయ్యను నేను అడిగిన పద్ధతికి కూడా ఆధారం ఉంది. 1980 మే 18న అమెరికాలో సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం బద్దలైంది. "గత ఆరు నెలల్లో మీకు ఏం జరిగింది" అని అడగడం కంటే "అగ్నిపర్వతం పేలినప్పటి నుంచి ఏం జరిగింది" అని అడిగితే జనం కాలాన్ని ఇంకా సరిగ్గా చెబుతారని ఎలిజబెత్ లాఫ్టస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1983లో చూపించారు. అంతకు ముందు జరిగినవాటిని కూడా ఈ ఆరు నెలల్లోకి లాక్కొచ్చే అలవాటు మన జ్ఞాపకానికి ఉంది. కళ్ళకు కట్టినట్టుండే ఒక గుర్తు దొరికితే అది ఆగుతుంది.

నాలుగు పెద్ద కాగితాలు పక్కపక్కన అంటించాను. ఒక నియమం పెట్టుకున్నాను. సర్టిఫికెట్, పాస్‌పోర్టు ముద్ర, ఉత్తరం, అప్పు పత్రం లాంటి రాతపూర్వకమైన ఆధారం ఉన్న తేదీ పెన్నుతో, మాట మీద చెప్పింది పెన్సిల్‌తో. ఈ పని చేయాలనుకునే ఎవరికైనా నేను గట్టిగా చెప్పేది ఇదే. ఆ తేడా లేకపోతే పట్టిక అంతా మనకు నచ్చిన కథలా తయారవుతుంది.

పై వరుస దగ్గర ఇంట్లో తలా ఒక మాట. అమ్మ మొట్టమొదట చెప్పింది 1969 జూలైలో మనిషి చంద్రుడి మీద దిగడం. అది ఆమె హైస్కూలు ముగించిన ఏడాది. అన్నయ్యకు 2001 తప్ప ఇంకేదీ తట్టలేదు. మా పెద్దమ్మాయి అయితే కరోనా అని రాసి పెన్ను నా చేతికి ఇచ్చేసింది. హోవార్డ్ షూమన్, జాక్వెలిన్ స్కాట్ అనే ఇద్దరు పరిశోధకులు 1985లో అమెరికన్లను, గత యాభై ఏళ్ళలో ముఖ్యమైనవి ఏమిటని అడిగారు. ఎక్కువమంది తమ పదిహేను నుంచి పాతికేళ్ళ మధ్య వయసులో చూసినవాటినే చెప్పారు. మా ఇంట్లోనూ అదే. అందుకని పై వరుసను ఎవరి జ్ఞాపకానికీ వదలకుండా పుస్తకాల్లో చూసి నింపాను.

రెండు వరుసలు నిండాక చూస్తే అంతా అంతటికీ సంబంధం ఉన్నట్టే కనిపించింది. 1987లో నాన్న వేరే విభాగానికి మారారు. సరిగ్గా దాని పైన 1987 అక్టోబర్ 19, న్యూయార్క్ షేర్ మార్కెట్‌లో డో జోన్స్ సూచీ ఒక్క రోజులో 22.6 శాతం పడిపోయిన సోమవారం. బాగానే ఉంది, కానీ ఆ పతనానికీ నాన్న బల్ల మారడానికీ మధ్య దారి ఏది? ఆయనకు షేర్లు లేవు, ఆయన కంపెనీ షేర్ల వ్యాపారంలో లేదు. పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఒకటి ఇంకొకదానికి కారణం కాదు.

అందుకే మధ్యలో మూడో వరుస గీశాను. పైన జరిగింది కింద మా ఇంటికి ఏ దారిన వచ్చింది? జీతం దారినా, వడ్డీ దారినా, ధరల దారినా, ప్రయాణాల దారినా? ఎన్ని నెలలకు వచ్చింది? ఈ ప్రశ్నలకు కాగితం ఆధారంగా జవాబు దొరికితే గీత ఉంటుంది, దొరక్కపోతే కొట్టేస్తాను. 1987 గీత కొట్టేశాను. బెర్లిన్ గోడ కూలిన 1989 నవంబర్ రాత్రి మేమంతా టీవీ ముందే ఉన్నాం, అయినా మా ఇంటి వరకు దానికి మూడో వరుస ఖాళీయే. ఆ గోడకు తూర్పున ఉన్న ఇళ్ళల్లో అయితే ఆ వరుస కిక్కిరిసి ఉండేది. అక్కడ 1990 తర్వాత నాలుగైదేళ్ళలో పుట్టే పిల్లల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. ఫ్యాక్టరీలు మూతబడుతుంటే కొత్త జంటలు ఆగి చూశాయి.

నిజంగా నిండిన గడులు తక్కువ. వాటి గురించే చెబుతాను.

మొదటిది అమ్మానాన్నల పెళ్ళి. నాన్న పెళ్ళికి ముందే ఉద్యోగం కోసం దేశం దాటి వెళ్ళారు. సరుకు రవాణా చేసే ఒక కంపెనీలో లెక్కలు చూసేవారు. పెళ్ళి 1974 మొదట్లో అనుకుని, 1975లో అయింది. మధ్యలో ఆయన ఉద్యోగం పోయింది. "ఉద్యోగం నిలబెట్టుకోలేని మనిషికి పిల్లనిస్తున్నారు" అని అప్పట్లో చుట్టాలు అన్న మాట అమ్మకు ఇప్పటికీ గుర్తుంది. మామయ్య పెట్టెలో నాన్న రాసిన నీలం రంగు ఏరోగ్రామ్ దొరికింది. 1974 ఫిబ్రవరి తేదీ. మడతల దగ్గర చిరిగింది, అంచుల దాకా సన్నటి అక్షరాలు. పెళ్ళి వాయిదాకు క్షమాపణ రెండు వాక్యాలే. మిగిలిందంతా లారీల గురించి. డీజిల్ కోటా తగ్గించారని, సగం బళ్ళు షెడ్డు దాటడం లేదని, కొత్తగా చేరినవాళ్ళను ముందు తీసేస్తున్నారని.

పై వరుసలో ఏముందో చూడండి. 1973 అక్టోబర్‌లో ఇజ్రాయెల్‌తో యుద్ధం నడుస్తుండగా అరబ్ చమురు దేశాలు ఉత్పత్తి తగ్గించి, అమెరికాతో పాటు మరికొన్ని దేశాలకు అమ్మకం ఆపేశాయి. పీపా సుమారు మూడు డాలర్లున్న చమురు 1974 జనవరికల్లా పన్నెండు డాలర్ల దగ్గరికి చేరింది. అక్టోబర్‌లో ఎడారిలో జరిగిన యుద్ధం ఫిబ్రవరిలో మా తాతయ్య ఇంటి గుమ్మం ఎక్కింది. నాలుగు నెలలు పట్టింది. చుట్టాలకు ఉద్యోగం పోయిన మనిషి కనిపించాడు, షెడ్డులో ఆగిపోయిన లారీలు కనిపించలేదు.

రెండోది ఇల్లు. అన్నయ్య 1979లో, నేను 1982లో పుట్టాం. ఇల్లు కొనాలన్నది 1980 నాటి మాట. కొన్నది 1986లో. ఆ ఆరేళ్ళ గురించి అమ్మ ఎప్పుడూ ఒకటే అనేది: "మీ నాన్నకు ధైర్యం చాలలేదు." ఫైల్లో రెండు కాగితాలు దొరికాయి. మొదటిది 1981 నాటిది, ఇంటి అప్పు దరఖాస్తుకు జవాబు. నెలసరి కిస్తీ అంకె పక్కన నాన్న పెన్సిల్‌తో తన జీతం రాసుకుని, తీసివేత చేసి, మిగిలినదాని చుట్టూ సున్నా చుట్టారు. మిగిలింది ఇంటి ఖర్చుకు సగం కూడా రాదు. రెండోది 1986 నాటిది. దాని మీద కూడా అదే పెన్సిల్, అదే తీసివేత. ఈసారి సున్నా లేదు, కింద ఒక టిక్కు ఉంది.

ఆ రెండు కాగితాల మధ్య జరిగినదానిలో పెద్ద భాగం వాషింగ్టన్‌ది. అమెరికాలో ధరలు 1980లో 13 శాతానికి పైగా పెరిగాయి. అంతకు ముందు ఏడాది అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ పగ్గాలు అందుకున్న పాల్ వోల్కర్ ద్రవ్యోల్బణాన్ని అణచడానికి వడ్డీని ఎగరనిచ్చారు. 1981లో అక్కడి మూల వడ్డీ రేటు 20 శాతం దాకా వెళ్ళింది. డాలర్ మీద అంత వడ్డీ వస్తుంటే డబ్బు అటే పోతుంది. దాన్ని ఆపుకోవడానికి చాలా దేశాలు తమ వడ్డీలనూ పెంచాల్సి వచ్చింది. డాలర్లలో అప్పు తెచ్చుకున్న మెక్సికో 1982 ఆగస్టులో ఇక కట్టలేనని చేతులెత్తేసింది. 1980ల మధ్యకు ధరలు అదుపులోకి వచ్చాయి, వడ్డీలు దిగాయి, 1986లో చమురు ధర సగానికి పైగా పడిపోయింది. ఇంటి అప్పులకు గిరాకీ మళ్ళీ వచ్చింది.

అమ్మకు ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించాను. చాలాసేపు పెన్సిల్ అంకెలనే చూసింది. "ఈ లెక్క నాతో చెప్పనేలేదు ఆయన," అంది. తర్వాత కొంచెం కోపంగానే, "చెప్పి ఉంటే నేనూ అర్థం చేసుకునేదాన్ని కదా," అని కూడా అంది. ఆ కోపం న్యాయమైనదే. వోల్కర్ వచ్చి నాన్న నోరు నొక్కలేదు. ఇల్లు ఆలస్యం కావడానికి దారి ఉంది గానీ, భార్యకు చెప్పకపోవడానికి ఏ దారీ లేదు. పట్టిక వేస్తుంటే ఇలాంటివి కూడా విడిపోయి కనిపిస్తాయి.

ఇక అన్నయ్య. ఈ గడి కోసమే ఈ పని చేశానా అని కూడా అనిపిస్తుంది. 2001లో కంప్యూటర్ ఇంజనీరింగ్ పూర్తి చేశాడు. అంతకు ఏడాది ముందే కాలేజీకి వచ్చిన ఒక కంపెనీ ఉద్యోగం ఇచ్చింది. ఆ ఆఫర్ లెటర్ ఇంకా ఉంది. చేరాల్సిన తేదీ దగ్గర "తర్వాత తెలియజేస్తాం" అని ఉంటుంది. ఆ తర్వాత మూడు ఉత్తరాలు. ప్రతి ఒక్కటీ తేదీని వెనక్కి జరిపింది. నాలుగోది రాలేదు. 2003 చివర్లో చిన్న సంస్థలో, చదువుకు తగని పనిలో, తక్కువ జీతానికి చేరాడు. ఆ రెండేళ్ళు మా ఇంట్లో పొద్దున్నే పేపర్ పడే చప్పుడుకే టెన్షన్. ఉద్యోగాల పేజీ సన్నబడుతూ వచ్చింది. ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ "ఏం చేస్తున్నావు బాబూ" అనేవాళ్ళు. బద్ధకమన్నారు, పొగరన్నారు, స్నేహాలు మంచివి కావన్నారు.

పై వరుస: అమెరికా టెక్ షేర్ల సూచీ నాస్‌డాక్ 2000 మార్చి 10న 5,048 దగ్గర శిఖరం. 2002 అక్టోబర్ నాటికి అందులో దాదాపు 78 శాతం ఆవిరి. మధ్యలో 2001 సెప్టెంబర్ 11 దాడులు. మూడో వరుస మా ఇంట్లో ఇంత నిండుగా ఇంకెక్కడా లేదు. కంప్యూటర్ కంపెనీలకు పనిచ్చే సంస్థలు ఖర్చు ఆపేశాయి, ఆ కంపెనీలు ముందు ఆపింది కొత్తవాళ్ళను చేర్చుకోవడం. ఉన్నవాళ్ళను తీసేయడం కన్నా రాబోయేవాడికి తేదీ ఇవ్వకపోవడం వాళ్ళకు తేలిక.

దీని మీద పరిశోధన చాలా ఉంది. ఆర్థికవేత్త లీసా కాన్, 1979 నుంచి 1989 వరకు అమెరికాలో కాలేజీ ముగించినవాళ్ళను చూసి, గడ్డుకాలంలో బయటికొచ్చినవాళ్ళ జీతం పదిహేనేళ్ళకు కూడా వెనకే ఉందని చెప్పారు. కెనడా లెక్కలతో ఫిలిప్ ఒరియోపౌలస్, మరో ఇద్దరు చేసిన అధ్యయనంలో ఆ లోటు పూడటానికి సుమారు పదేళ్ళు పట్టింది. పూడ్చుకున్నవాళ్ళు ఎక్కువగా సంస్థలు మారుతూ పైకి వచ్చారు. అన్నయ్య 2006లో ఒకసారి, 2010లో ఒకసారి కంపెనీ మారాడు. అప్పుడు చుట్టాలు పెట్టిన పేరు "నిలకడ లేనివాడు". జపాన్‌లో ఇలాంటివాళ్ళు ఒక తరమే ఉన్నారు. అక్కడ పెద్ద కంపెనీలు చదువు ముగించినవాళ్ళను ఏటా ఏప్రిల్‌లో ఒక్కసారే చేర్చుకుంటాయి. 1989 చివర్లో శిఖరాన ఉన్న షేర్ మార్కెట్ ఆ తర్వాత కుప్పకూలింది. 1993 నుంచి దాదాపు పుష్కరం పాటు చదువు ముగించినవాళ్ళలో చాలామందికి ఆ తలుపు తెరుచుకోలేదు, తర్వాతి ఏడాది తలుపు తర్వాతి బ్యాచ్‌ది. వాళ్ళను ఉద్యోగాల మంచుయుగం తరం అంటారు. టోక్యో సూచీ నిక్కీ తన 1989 శిఖరాన్ని మళ్ళీ దాటింది 2024 ఫిబ్రవరిలో. అప్పటికి వాళ్ళలో మొదటివాళ్ళకు యాభై దాటాయి.

సి. రైట్ మిల్స్ అనే సామాజికవేత్త 1959లోనే ఒక లెక్క చెప్పారు. లక్షమంది ఉన్న నగరంలో ఒక్కడికే పని లేకపోతే వాడి స్వభావం, వాడి నైపుణ్యం చూడాలి. ఐదు కోట్ల ఉద్యోగులున్న దేశంలో కోటిన్నర మందికి పని లేకపోతే జవాబు ఒక మనిషిలో దొరకదు. మా ఇంటికి వచ్చిపోయినవాళ్ళంతా రెండో ప్రశ్నకు మొదటి జవాబు ఇచ్చారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఇరవై రెండేళ్ళ కుర్రాడు ఆ మాటలన్నీ నమ్మేశాడు.

అన్నయ్యకు ఫోన్‌లో పట్టిక ఫొటో పంపాను. గంట తర్వాత ఫోన్ చేశాడు.

"మూడో వరుస బానే ఉంది. కానీ 2002లో ఒక ఉద్యోగం వచ్చింది, నేనే వద్దన్నాను. అదీ రాయి."

"అవసరమా అన్నయ్యా?"

"పట్టిక అన్నావు కదా. నాకు అనుకూలంగా ఉన్నది మాత్రమే రాస్తే ఎలా?"

రాశాను, పెన్నుతోనే. అతని దగ్గర ఆ ఉత్తరం కూడా ఉంది.

నా గడులు ఇంత బరువైనవి కావు. 2006లో పెళ్ళి, దానికి పైన రాయదగ్గది ఏమీ లేదు. కావలసిన మనిషి దొరికాడు, చేసుకున్నాను. పెద్దమ్మాయి 2007లో. రెండో బిడ్డ 2009లో అనుకున్నాం, 2012లో పుట్టింది. ఈ తేడాను నేను పూర్తిగా మా ఇద్దరి సొంత విషయం అనుకుంటూ వచ్చాను. 2008 సెప్టెంబర్ 15న అమెరికాలో లీమన్ బ్రదర్స్ అనే పెద్ద పెట్టుబడుల బ్యాంకు దివాలా తీసింది. ఆ చలికాలంలో మా ఆయన ఆఫీసులో రెండు విడతలుగా మనుషుల్ని తీసేశారు. రాత్రి పిల్ల పడుకున్నాక, "ఈ ఏడాది వద్దు, చూద్దాం" అనుకున్నాం. మరుసటి ఏడాది కూడా అదే మాట. అదే సమయంలో అమెరికాలో 2007లో 43 లక్షలకు పైగా ఉన్న జననాలు 2010 నాటికి దాదాపు 40 లక్షలకు దిగాయి. అంతకన్నా గుట్టుగా ఉండే మాట మొగుడూ పెళ్ళాల మధ్య ఇంకోటి ఉండదు. అదే మాట అదే ఏడాది లక్షల ఇళ్ళల్లో అనుకున్నారు, ఒకరికొకరు తెలియకుండానే. మా చిన్నమ్మాయి పుట్టినరోజు వెనక ఒక బ్యాంకు దివాలా ఉందని రాసేటప్పుడు నా చెయ్యి కాసేపు ఆగింది.

2020 నిలువు గడి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కరోనాను ప్రపంచ మహమ్మారిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్చి 11న ప్రకటించింది, ఆ నెల దాటకుండానే మా ఇంట్లో బడి, ఆఫీసు, అమ్మ ప్రయాణం అన్నీ ఆగాయి. ఆ ఒక్క చోట మూడో వరుస గీయాల్సిన పనే లేకపోయింది.

మనస్తత్వ శాస్త్రవేత్త నార్మన్ బ్రౌన్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనం ఈ పనిలో నాకు బాగా తోడ్పడింది. వాళ్ళు రకరకాల నగరాల్లో జనాన్ని, తమ సొంత జ్ఞాపకాల కాలాన్ని ఎలా లెక్కకడతారో అడిగారు. బోస్నియాలో జనం "యుద్ధానికి ముందు, యుద్ధం తర్వాత" అని తమ జీవితాన్ని విడదీసి చెప్పారు. న్యూయార్క్ వాసులు మాత్రం 2001 దాడులను గుర్తుగా పెట్టుకోవడం అరుదు. ఎంత పెద్ద వార్త అన్నది కాదు, రోజూ తినే తిండి, ఉండే ఇల్లు, చేసే పని ఎంతకాలం మారిపోయాయి అన్నదాన్ని బట్టే జ్ఞాపకం కాలాన్ని గీస్తుందని వాళ్ళ వాదన. నాకు సబబుగా తోచింది. మా అమ్మ లెక్క ఇప్పటికీ "ఇల్లు కొనకముందు, కొన్నాక". అన్నయ్యది "ఉత్తరాల కాలం".

ఒక హెచ్చరిక. ఈ పని చేసేటప్పుడు పెద్దవాళ్ళ దగ్గర తేదీతో మొదలుపెట్టకండి. "అప్పుడు ఎవరింట్లో ఉన్నాం, వంట ఎవరు చేశారు, బయట ఏం గోల నడుస్తోంది" అని అడగండి, తేదీ దానంతట అదే పడుతుంది. ఒక్కో గడికి కారణం తొందరపడి రాయకండి. 2020ని పక్కన పెడితే, జరిగినదానికీ అది ఇంటికి చేరడానికీ మధ్య మాకు కొన్ని నెలలు, ఒక్కోసారి ఏడాది దాటి పట్టింది.

అన్నయ్య ఇప్పుడు తన పని తను మొదలుపెట్టాడు. కాలేజీ గ్రూపులో తోటివాళ్ళందరినీ మొదటి ఉద్యోగంలో చేరిన తేదీ, మొదటి జీతం, పెళ్ళయిన ఏడాది పంపమన్నాడు. కొందరు అదే రాత్రి పంపారు, కొందరు ఇంకా జవాబివ్వలేదు. వాళ్ళ కంటే రెండేళ్ళ సీనియర్ల తేదీలు కూడా కావాలంటున్నాడు, పక్కన పెట్టి చూడటానికి. వచ్చినవాటిని నేను పట్టికలో ఎక్కిస్తున్నాను, ఇప్పటికి అన్నీ పెన్సిల్‌తోనే.